టైపిస్టమ్మ వదిలేసిన పేజీ

ముప్ఫై ఏళ్లుగా కోర్టులో సాక్షుల మాటలు టైపు చేస్తున్నా, టైపిస్టమ్మ సొంత మాట ఆ గదిలో ఎవరూ విని ఎరగరు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొస్తే మాత్రం లాయరు నవలలే లోకం. తొమ్మిది భాగాలు, అన్నింట్లోనూ ఒకడే లాయరు. తాగుతాడు, పెళ్లానికి అబద్ధాలు చెబుతాడు, వాదనల మధ్య కునుకు తీస్తాడు.

"ఆ తాగుబోతు వెధవ కోసం తిండి కూడా మానేస్తావేంటక్కా?" అనేది చెల్లెలు.

"వెధవేనే. కానీ ఆవలిస్తే పేగులు లెక్కపెడతాడు!"

తొమ్మిదో భాగంలో ఆ మహానుభావుడు ఒక కాగితం దాఖలు చేయడం మరిచి, క్లయింటును జైలు గుమ్మం దాకా తెచ్చాడు. సంగతి మరో నరపురుగుకు తెలియదు. అయినా నిండు కోర్టులో లేచి, "తప్పు నాదే" అన్నాడు. టైపిస్టమ్మ ఒళ్లు జలదరించింది. అన్ని అవలక్షణాలున్నవాడికి ఇంత గుండె ఎక్కడిది! ఆ పేజీ మూడుసార్లు చదివింది.

మర్నాడు ఆఫీసులో పాత షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు సర్దుతుంటే ఒకదానిలో రెండు కాగితాలు అంటుకుని కనిపించాయి. విడదీసింది. గోడౌనుకు నిప్పు పెట్టాడని ఒక కూలీ మీద పెట్టిన కేసులో కాపలాదారు సాక్ష్యమది. అప్పట్లో టైపు చేస్తూ రెండు కాగితాలూ కలిపి తిప్పేసింది. ఒక పేజీ టైపే కాలేదు. 'తాళం కూలీ దగ్గర లేదు, యజమాని దగ్గరే ఉంది' అన్న మాట అందులోనే ఉంది. ఆ రోజు హడావిడిలో చదివి వినిపించకుండానే కాపలాదారు చేత సంతకం పెట్టించారు. తర్వాత జడ్జిగారూ మారిపోయారు. కూలీ మీద తీర్పు ఇవాళే.

రిటైర్మెంటుకు మూడు నెలలుంది. చెబితే ఉద్యోగానికి ఎసరు. చెప్పకపోతే కూలీ జైలుకు.

కోర్టు హాల్లో జడ్జిగారు తీర్పు కాగితాలు అందుకున్నారు. టైపిస్టమ్మ లేచింది. కాళ్లు వణికాయి. ఇలాంటి కాళ్లతో ఆ తాగుబోతు ఎలా నిలబడ్డాడో అని అంత భయంలోనూ ఆశ్చర్యపోయింది.

"అయ్యా, ఈ కేసులో నేనొక పేజీ వదిలేశాను. తప్పు నాదే."

బోనులో కూలీ తలెత్తి చూశాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి, ఆ పుస్తకం తెప్పించుకుని, తీర్పు ఆపారు. కాపలాదారును మళ్లీ పిలిపించమన్నారు.

"మీరు చెప్పింది రికార్డులోకి ఎక్కాలమ్మా. టైపు చేసేది మీరే కదా, కూర్చోండి."

ఆయన చెబుతుంటే తన మాటను తానే టైపు చేసింది. కాగితం తీసి, ఆనవాయితీ ప్రకారం పైకి చదివింది. కోర్టంతా విన్నది. తర్వాత, సాక్షులు సంతకం పెట్టే చోట తన సంతకం పెట్టింది.