గాజుల దుకాణంలో ఆరు రక్కసులు

సిరొంచలో మా వీధికి వచ్చి గాజుల దుకాణం ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ దుకాణంలో కూర్చునే జ్యోతిర్మయి ఫోనులో రక్కసులను కొట్లాడించడంలో ఈ చుట్టుపక్కల తాలూకాలన్నిటికీ మొనగత్తె అని చెబితే మాత్రం నవ్వుతారు. అట్లా నవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్క గదిలోనే నా కుట్టుమిషను, మధ్యలో చెక్క తడక ఒక్కటే అడ్డం. ఆమె ఆట మొదటి నుంచి చూసినదాన్ని కాబట్టి ఆ సంగతి నేనే చెప్తాను.

వాళ్లది తరాలుగా గాజులు, కుంకుమ, జడకుచ్చులు అమ్మే ఇల్లు. భర్త వినయ్‌కుమార్ సరుకు వేసుకుని అల్లపల్లి, ఏటపల్లి వారపు అంగళ్లు తిరుగుతాడు. దుకాణం అత్త కమలాబాయిది, అందులో కూర్చునేది కోడలు జ్యోతిర్మయి. నాట్లు మొదలైతే బామ్ని వైపు ఆడవాళ్లంతా పొలాల్లోనే ఉంటారు, గాజులు తొడిగించుకునే తీరిక ఎవరికీ ఉండదు. అట్లాంటి ఒక వానాకాలంలో ఊరికే కూర్చోలేక ఆమె 'దానవ్ అఖాడా' అనే ఆట పట్టుకుంది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఒక్కొక్కరు ఆరు రక్కసులను ఏరుకుని టీం కట్టుకోవాలి. బరిలోకి రెండేసి దిగుతాయి, ఒకటి పడిపోతే వెనకున్నది వస్తుంది. ఎవరి ఆరూ ముందు పడిపోతే వాళ్లు ఓడినట్టు. చాలామంది దెబ్బలు ఓర్చుకునే గట్టి చిప్పదాన్ని ఒకటి, గాయాలు మాన్పేదాన్ని ఒకటి కాపుకు పెట్టుకుని నిదానంగా ఆడతారు. జ్యోతిర్మయి కూడా మొదట్లో అట్లాగే ఆడేది. కానీ మా ఊళ్లో నిదానం కుదిరే పనేనా? ప్రాణహిత మీద మబ్బు పట్టిందంటే కరెంటు పోతుంది, కరెంటు వెనకే టవరూ పోతుంది. నెట్‌వర్క్ తెగినవాళ్లు ఓడినట్టే లెక్క. గెలవాల్సిన ఆటలు ఎన్నో ఆమెకు అట్లా చేజారిపోయాయి.

ఒకరోజు ఫోను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి నాతో అన్నది, "ఇగ కాపు పెట్టుకునుడు మనకు పనికిరాదు సరితక్కా. సిగ్నల్ పోకముందే కొట్టి పారెయ్యాలె."

ఆ తర్వాత ఆమె టీం కట్టిన తీరు చూడాలి. చిప్పదాన్ని తీసేసింది, గాయాలు మాన్పేదాన్ని తీసేసింది. ఐదు రక్కసులూ కొట్టేవే. ఒకటి నిప్పు ఊదుతుంది. ఒకటి కొండచిలువలా చుట్టేస్తుంది. ఒకటి ఎదుటివాడు కదలకముందే కరుస్తుంది. ఒకటి రాళ్లు రువ్వుతుంది. ఇంకొకటి అడవిదున్నలాంటిది, కాలెత్తి నేలకేసి తన్నిందంటే బరిలో ఉన్నవన్నీ దెబ్బ తింటాయి, తన పక్కన నిలబడినది కూడా. ఏ దెబ్బ వెనక ఏ దెబ్బ వెయ్యాలో పగలంతా గొణుక్కునేది. ఒకసారి సగం తొడిగిన గాజును అట్లాగే పట్టుకుని ఆలోచనలో పడితే, చెయ్యి చాపి కూర్చున్న సత్తవ్వకు విసుగొచ్చి, "ఏంది బిడ్డా, తొడుగుతవా, నిద్రపోతవా?" అన్నది.

ఆరోది మాత్రం ఎలుకంత ప్రాణి. ఆటలో దాని పేరేదో నాకు నోరు తిరగదు. దానికి కొట్టే బలం లేదు, కానీ అది పడిపోయిందంటే మిగిలినవాటికి కోపం వచ్చి బలం రెట్టింపవుతుంది. తమదాన్ని తాము పోగొట్టుకోవడం ఇష్టంలేక దాన్ని ఎవరూ పెద్దగా తీసుకోరు. జ్యోతిర్మయి తీసుకుని, దానికి బోణి అని పేరు పెట్టి, ప్రతి ఆటలో అందరికంటే ముందు దాన్నే దింపేది. అది పడిపోయేది, మిగిలినవి చెలరేగేవి.

దుకాణదారు ఇంటి కోడలికి తప్ప ఇంకొకరికి ఆ ఆలోచన రాదు. మా వైపు వ్యాపారులు పొద్దున మొదటి బేరాన్ని వదులుకోరు. వచ్చిన మనిషి ఎంత తక్కువకు అడిగినా లాభం సంగతి మరిచిపోయి ఇచ్చి పంపుతారు, బోణి అయితే ఆ రోజంతా బేరం నడుస్తుందని నమ్మకం. వానకు వీధిలో పురుగు కూడా లేని రోజు కమలాబాయి లోపలి నుంచి కొంగుముడి విప్పుకుంటూ వచ్చి, తన దుకాణంలో తనే కోడలి చేతి నుంచి గాజులు కొంటుంది. ఇంట్లో మంచి చెయ్యి పెట్టుకుని బయటివాళ్ల కోసం చూసుడేందని ఆమె వాదన. సాయంత్రానికి ఆ గాజులు మళ్లీ అద్దాల బీరువాలోకే చేరతాయి, అది వేరే సంగతి.

పోయిన ఏడాది నాగపూర్‌లో ఈ ఆటకు పెద్ద పోటీ పెట్టారు. నలుగురు కలిసి ఒక జట్టుగా వెళ్లాలి. చంద్రపూర్‌లో ఇనుప సామాన్ల దుకాణం నడిపే అభయ్ మా వైపు వాళ్లను కూడగట్టాడు. మూడు చోట్లు నిండాయి. నాలుగోది జ్యోతిర్మయికి ఇవ్వడానికి అతను వెనకా ముందూ ఆడాడు.

"మస్తు ఆడుతవక్కా, కాని నీ టీంల కాపుకు ఒక్కటి లేదు. చిప్పదాన్ని ఒక్కదాన్ని పెట్టుకో, ఆ చోటు నీదే," అన్నాడు ఫోనులో.

"చిప్పదాన్ని పెడితె అది నా టీం కాదు తమ్మీ."

"అయితె నాగపూర్ల నాకు తెలిసిన ఆటగాడు ఒకాయన ఉన్నడు, ఆదివారం ఆయనతోని ఒక్క ఆట ఆడు. గెలిస్తె నీ టీం నీ ఇష్టం. ఓడితె వేరేటోళ్లను తీసుకుంట. మళ్ల నన్ను అనద్దు."

"అనను," అన్నది.

నాకు ఆమె మీద నిజంగా గౌరవం కలిగింది అప్పుడే. దుకాణం అత్తది, అంగళ్లు మొగుడివి. తనకంటూ తను కట్టుకున్నవి ఆ ఆరే. వాటితోనే నలుగురిలో నిలబడాలని ఆమె కోరిక. నేనైతే ఆ చిప్పదాన్ని పెట్టుకుని బస్సెక్కేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్ముకుని ఉంది. నేను జాకెట్టు కుట్టడం ఆపి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కమలాబాయి ఓ మూల పీటమీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆట మొదలైంది. జ్యోతిర్మయి ఎప్పటిలాగే బోణిని దింపి, పక్కన నిప్పు ఊదేదాన్ని నిలబెట్టింది. నాగపూరాయన ఆమె పాత ఆటలన్నీ చూసి వచ్చినట్టున్నాడు. బోణిని ముట్టుకోలేదు. పక్కదాన్నే కొట్టి పడగొట్టాడు. దాని చోట చుట్టేసేది వస్తే దాన్నీ పడగొట్టాడు. వాడి చిప్పది అడ్డం నిలబడి ఉంటే ఈమె దెబ్బలు గీత కూడా పెట్టడం లేదు. బోణి మాత్రం తోక ఊపుకుంటూ నిక్షేపంగా ఉంది. బయట చినుకులు మొదలయ్యాయి.

"ఏందే జ్యోతీ, మొకం గట్ల పెట్టినవ్?" అన్నది కమలాబాయి.

"బోణిని వాడు ముట్టుకుంటలేడు అత్తమ్మా. అది పడితేనే నా ఆట నడుస్తది."

జ్యోతిర్మయి తలెత్తి కాసేపు అత్తనే చూసింది. ఆమె కొంగుముడి వైపు చూసింది. పెదవి చివర నవ్వు కనిపించింది.

"బయటోడు చెయ్యకుంటె ఇంట్లోళ్లే చేస్తరు కద," అని, అడవిదున్నను బరిలోకి దింపి నేలకేసి తన్నించింది. తన బోణి తన దున్న దెబ్బకే పడిపోయింది. మిగిలిన మూడింటికీ ఒక్కసారిగా బలం రెట్టింపైంది. దున్న మళ్లీ తన్నేసరికి ఆ చిప్ప పగిలింది. ఇంతలో దుకాణంలో కరెంటు పోయింది. ఫోనుమీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గుతుంటే ఆమె వేళ్లు ఆగలేదు. రాళ్లు రువ్వేది వాడి టీంలో గాయాలు మాన్పేదాన్ని పడగొట్టింది. కరిచేది వాడికి తిరిగే సందు ఇవ్వలేదు. వాడి ఆఖరిది పడి, గెలిచినట్టు అక్షరాలు వచ్చి, ఆ వెంటనే నెట్‌వర్క్ తెగిపోయింది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఏడవాల్సింది నేను కాదు కానీ ఏడుపు ఆగలేదు.

వాన వెలిసి టవరు వచ్చాక అభయ్ ఫోను చేశాడు. "నీ దాన్ని నువ్వే కొట్టుకునుడేందక్కా, ఎన్నడు చూడలే. ఆ చోటు నీదే. నీ టీం నీదే," అని, అసలు పరేషాన్ బయటపెట్టాడు. నాగపూర్‌లో నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. ముందు దిగినవాళ్లకు ఎదుటి జట్టు సంగతి ఏమీ తెలియదు, ఓడిపోవడమే ఎక్కువ. వాళ్ల ఆట చూసి వెనకవాళ్లు నేర్చుకుంటారు. ముందు దిగడానికి ముగ్గురిలో ఒక్కరూ ఒప్పుకోవడం లేదట.

"నన్ను దింపు తమ్మీ," అన్నది జ్యోతిర్మయి. "నేను ఓడినా మీకు తొవ్వ తెలుస్తది. బోణి నేను చేస్త."

కమలాబాయికి ఆట తెలియదు, కానీ ఈ మాట తెలుసు. చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి లేచింది. కొంగుముడి విప్పి పైసలు గల్లాపెట్టె మీద పెట్టి, బీరువాలోంచి ఎర్ర గాజులు తనే ఏరుకుంది. కోడలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊరందరికీ గాజులు తొడిగే ఆ చేతికి ఒక్కొక్కటీ తొడిగింది.

"ఇవి తొడుక్కొనే నాగపూర్ పోవాలె," అన్నది.

ఆ సాయంత్రం ఆ గాజులు బీరువాలోకి తిరిగి రాలేదు.