కప్పు మీద బూటు

కొరియా రేవుపట్నం మొక్‌పో చేపల బజారులో సునోక్ పులియబెట్టిన చేప అమ్ముతుంది. అరవై ఏడేళ్ళ మనిషి. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ వాసన చేతుల్ని వదలదు. ఆదివారం పెద్దవాళ్ళ హైస్కూలుకు వెళ్ళే ముందు కమలాతొక్క రుద్దుకుంటుంది. అయినా పక్క బెంచీ మల్జా ముక్కు మూసుకుని, "వచ్చిందమ్మా బజారు!" అంటుంది. మల్జా వయసులో నాలుగేళ్ళు పెద్ద. నోరు ఇంకా పెద్ద.

తమ్ముళ్ళను చదివించడానికి చిన్నప్పుడే బడి మానేసిన సునోక్, రెండో ఏడు లెక్కల్లో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే మల్జా మూడో ఏటికి పోతుంది, తను ఒక్కతే వెనకబడుతుంది. అలాగైతే బడికి రానే రానని ముందే తీర్మానించుకుంది.

లాగరిథమ్‌ల దగ్గర ఆమెకు ధైర్యం చిక్కింది. రెండు ఆధారంగా, పదహారు వర్గమూలానికి లాగ్ కట్టమన్నాడు తక్ మాష్టారు. ఆమె ముందు పదహారుకి లాగ్ కట్టింది: నాలుగు. దానికి వర్గమూలం రెండు. జవాబు సరిపోయింది. ఇక అదే దారి పట్టుకుంది.

తర్వాతి ఆదివారం పదహారు స్థానంలో అరవై నాలుగు వచ్చింది. దానికి లాగ్ ఆరు.

"ఆరుకి వర్గమూలం అని రాశారేంటండీ?" అన్నాడు మాష్టారు.

"మొన్న ఇలా చేస్తేనే కదా మాష్టారూ, రైటు పెట్టారు!"

ఆయన తల గోక్కున్నాడు. "మొన్న నేను జవాబొక్కటే చూశాను. నాలుగులో సగమూ రెండే, నాలుగు వర్గమూలమూ రెండే. వర్గమూలమంటే సగం ఘాతం. ఆ సగం లాగ్ ముందుకొచ్చి నిలబడుతుంది. ఆరులో సగం, మూడు."

సునోక్ పుస్తకాలు సర్దుకుని బయటి గుమ్మం దగ్గరికి నడిచింది. బడి చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంటుంటే మల్జా వెనకే వచ్చింది.

"ఎటే?"

"బజారుకి. చేపలు మూలాలు అడగవక్కా."

"ఎవరింటికెళ్ళినా బూట్లతో లోపలికి పోతావా?"

"ఛీ, ఎందుకు పోతాను?"

"మరి ఆ మూలమూ బూటే. లాగ్ ఇంటి గుమ్మం ముందు సగం విప్పి పెట్టు. లోపల ఉత్త అరవై నాలుగు కూర్చుంటుంది. నువ్వేం చేశావు? బూటు తీసి ఇంటి కప్పు మీద పెట్టావు!"

సునోక్‌కి నవ్వొచ్చింది. "మరి వెళ్ళేటప్పుడు తొడుక్కోవద్దా?"

"అందుకేగా చివర్లో సగంతో గుణించేది, మొద్దూ!"

సునోక్ బూట్లు విప్పింది.

పరీక్షలో మళ్ళీ పదహారే వచ్చింది. కాకపోతే ఈసారి ఘనమూలం. మూడో వంతు గుమ్మం ముందు పెట్టింది. లోపల నాలుగు. చివరికి మూడింట నాలుగు తేలింది. ఇంత వికారమైన జవాబు ఉంటుందా? రబ్బరు చేతిలోకి తీసుకుంది. మొన్నటి ముచ్చటైన రెండు ఎలా మోసం చేసిందో గుర్తొచ్చింది. రబ్బరు కింద పెట్టేసింది.

బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. మూడో ఏడు మొదటి ఆదివారం మల్జా ముక్కు మూసుకుని పక్కకి జరిగింది.

"ఇంకో ఏడాది ఈ కంపు భరించాలా నేను?"

"భరించు. నువ్వేగా గుమ్మం దగ్గర ఆపింది!"