ఊదుగొట్టం పట్టిన ఏడాది

నా చేతులు మొదట నేర్చింది బీడీలు చుట్టడం. కోరుట్లలో మా వాడ ఆడపిల్లలందరిలాగే నేనూ బడి నుంచి రాగానే చాట ముందేసుకుని కూర్చునేదాన్ని. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. పెళ్లయ్యాక అత్తగారింట్లోనూ అదే పని. నా భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో అత్తమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. కొన్నేళ్లకు నాకు దగ్గు పట్టుకుంది. తంబాకు దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పని మానేసినా చేతులు ఊరుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, సన్నని రాగి తీగను మెలితిప్పి పూసలు గుచ్చి, కమ్మలూ హారాలూ చేయడం మొదలుపెట్టాను. పొలం మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం మా బజారులోనే ఉంది. తీగ అక్కడే తెచ్చుకునేదాన్ని. మొదట చుట్టుపక్కలవాళ్లు కొన్నారు. తరువాత జగిత్యాల నుంచి కూడా అడిగారు.

అలా కొన్నావిడ ఒకరోజు పసివాణ్ని చంకనేసుకుని వచ్చింది. నేను చేసిన హారాన్ని సంచిలోంచి తీసి నా ముందు పెట్టింది. పిల్లవాడి బుగ్గ మీద సన్నని గీత, ఎండి ఉంది.

"నీ చేతిపని మంచిగుంటది అక్కా, కొట్లాడనీకి రాలే," అంది. "వీడు పట్టి గుంజంగనే తీగ ఇప్పుకున్నది. కొస గీసుకపోయింది. జర అతుకు పెట్టి ఇస్తవేమోనని తెచ్చిన."

నాకు మెలివేయడం ఒక్కటే వచ్చు, అతకడం రాదు. ఆ మాటే చెప్పాను. ఆమె హారాన్ని నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయింది. ఆ గీత కంటికి కొంచెం పైన పడి ఉంటే ఏమయ్యేదోనని ఆ పూటంతా నా మనసు కుదుటపడలేదు. హారాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. వేడి పెట్టి అతికిన నగ తప్ప ఇకమీదట ఏదీ నా గడప దాటకూడదనుకున్నాను.

"ఏంది, ఇప్పుడు అవుసలి పని నేర్సుకుంటవా?" అంది అత్తమ్మ.

"నేర్సుకుంట," అన్నాను.

కంసాలి పని నేర్పేవాళ్ల కోసం జగిత్యాల వెళ్లి బంగారు దుకాణాల వీధిలో అడిగాను. మొదటి దుకాణంలో నా మాట పూర్తిగా వినలేదు. రెండో దుకాణంలో తల నెరసిన ఒకాయన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. "మేమే మిషన్ గొలుసులు తెచ్చి అమ్ముతున్నం అమ్మా, కుంపటి ఆరిపోయి శాన ఏండ్లయింది," అన్నాడు. "సిరిసిల్లల ఒకామె ఉంది. పట్టీలు అతుకుతది. ఆమెను అడుగు. జెప్పన్నా జెప్తది, ఎల్లగొట్టన్నా ఎల్లగొడతది."

మరుసటి వారం బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. పక్కింట్లో మరమగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడు మధ్య, ముందుగదిలో చిన్న కుంపటి ముందు కూర్చుని ఉందామె. అరవై దాటి ఉంటాయి. భర్త చూపు మందగించాక ఆయన పీట మీద తనే కూర్చుందట. నేను పెద్దమ్మా అని పిలిచి, వచ్చిన పని చెప్పాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

"బీడీలు జేసినవా?"

"చిన్నప్పటి సంది చేసిన పెద్దమ్మా."

"వేళ్లు మంచిగున్నయి. కూసో."

నేను తీసుకెళ్లిన రాగి తీగను ఉంగరంలా వంచి, దాని రెండు కొసలు కలిపి, బొగ్గు మీద పెట్టాను. అతుకు మీద వెలిగారం పూసి, టంకం ముక్క ఉంచి, ఆమె ఊదుగొట్టంతో దీపం మంటను దాని మీదికి ఊదింది. నల్లటి పొగ లేచింది. టంకం కరిగి ఉండ కట్టి పక్కకు జారిపోయింది.

"గిది మోటరు తీగ గాదూ? మీద వార్నిష్ ఉంటది. గా తోలు తియ్యక టంకం ఏడ పడుతది?"

ఆ రోజంతా తీగ కాల్చడం, చింతపండు నీళ్లలో ఉడకబెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం. అప్పుడుగానీ రాగి అసలు రంగు బయటపడలేదు. ఇన్నాళ్లూ నేను వార్నిష్ మెరుపునే రాగి మెరుపు అనుకున్నానని తెలిసింది.

తీగ శుభ్రపడింది కానీ ఊదడం నావల్ల కాలేదు. దీపం మంటను ఊదుగొట్టంతో పక్కకు వంచి, సన్నగా, ఆగకుండా అతుకు మీద నిలపాలి. నేను ఊదగానే మంట వణికేది, ఆగేది. రెండోసారి గాలి తీసుకునేలోపు తీగ చల్లారిపోయేది. మూడోసారికి దగ్గు తెర వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ అంతే. బస్సులో తిరిగి వస్తుంటే ఛాతీ నొప్పి.

ఒకరోజు పెద్దమ్మ ఊదుగొట్టం నా చేతిలోంచి తీసుకుంది. "నీకు దమ్ము లేదు బిడ్డా. గ్యాస్ టార్చి కొనుక్కో."

"కొని సూసిన. సన్న తీగ అతుకకముందే కరిగిపోతున్నది. నాకు గీ పనే రావాలె."

"పాణం మీదికి దెచ్చుకుంటవా?"

"దగ్గు ఎట్లాగూ ఉంటది పెద్దమ్మా. పనన్నా రానియ్యి."

ఆమె తన బుగ్గలు ఉబ్బించి, ఒక వేలితో వాటిని తట్టి చూపించింది. "అయితే రొమ్ముతోని ఊదకు. బుగ్గలల్ల గాలి పట్టు. బుగ్గలే తిత్తులు. అవి ఒత్తుతుంటే గాలి బయటికి పోతది, నువ్వు ముక్కుతోని మెల్లగ పీల్చుకో. గిలాసల నీళ్లు పోసి గొట్టం పెట్టి ఊదు. బుడగలు ఆగొద్దు. ఆగకుండ అయినంకనే మల్ల రా."

ఇంటికొచ్చి గ్లాసూ కొబ్బరిబోండాం స్ట్రా పెట్టుకుని కూర్చున్నాను. బుగ్గలు ఒత్తితే ముక్కు బిగుసుకుపోయేది. ముక్కుతో పీలిస్తే నీళ్లు నోట్లోకి వచ్చేవి. చీర ముందుభాగమంతా తడిసిపోయేది. "తాగుతున్నవా, వాంతి చేసుకుంటున్నవా?" అని అత్తమ్మ చాట మీదినుంచి తలెత్తకుండానే అడిగేది. పొద్దున వంటకు ముందు, మధ్యాహ్నం గిన్నెలు తోమాక, ఏ పని మధ్య కాస్త తీరిక దొరికినా గ్లాసు ముందుండేది. చలికాలమంతా అలాగే గడిచింది. ఒక మధ్యాహ్నం నేను ఏదో ఆలోచిస్తూ ఊదుతున్నాను. ముక్కుతో గాలి లోపలికి వెళ్తూనే ఉంది, బుడగలు వస్తూనే ఉన్నాయి. అది గమనించగానే ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ వచ్చాయి. ఆనందంతో లేచి నిలబడ్డాను. చెప్పడానికి అత్తమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమెకే చూపించాను. బీడీ చుట్టడం ఆపి చూసింది. "ఆగుతలేవు," అంది.

మళ్లీ సిరిసిల్ల వెళ్లాను. మంట సన్నగా వంగి, నిలిచింది. వెలిగారం పొంగి, అణిగి, గాజులా పారదర్శకమైంది. తీగ ఎర్రబడింది. ఊదుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి టంకం మెరిసి, చీలికలోకి పాకి మాయమైంది. పెద్దమ్మ ఉంగరాన్ని చిమటాతో పట్టి నీళ్లలో ముంచింది. గోడకున్న మేకుకు తగిలించి, రెండు చేతులతో గట్టిగా గుంజింది. ఉంగరం కోలగా సాగింది కానీ అతుకు వీడలేదు.

మెచ్చుకోలేదామె. ఇంకో తీగ ముక్క నా ముందుకు తోసింది.

గొలుసు అతకడం అంతకన్నా కష్టమైంది. ఒక లంకె అతుకుతుంటే దాని పక్క లంకె అతుకు కరిగేది. అతికినదాని మీద తడి మట్టి పూసి కాపాడుకోవడం నేర్చుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి మా ఇంటి వెనక రేకుల కింద నాకంటూ ఒక కుంపటి పెట్టుకున్నాను. ఇప్పుడు నా నగలకు కొసలు బయట ఉండవు. దగ్గు పూర్తిగా పోలేదు. దుమ్ము లేచిన రోజున ఊదను, ఆకురాయితో అతుకులు నున్నగా చేసుకుంటాను.

పెద్దమ్మ ఈమధ్య కమ్మచ్చు వాడటం చూపించింది. వరుసగా ఒకదానికన్నా ఒకటి చిన్నవైన రంధ్రాలున్న ఇనుప పలక అది. తీగను వాటిలోంచి లాగుతూ పోతే కావలసినంత సన్నబడుతుంది. నేనూ ఒకటి సంపాదించి మా బల్లకు బిగించాను. మొదటిసారి వెండి తీగ లాగినప్పుడు తీగతో పాటు బల్లే నా మీదికి వచ్చింది. తీగ పుటుక్కున తెగింది. కొస మళ్లీ కాచి మెత్తబరిచి, ఆకురాయితో సన్నగా చెక్కి, రంధ్రంలో దూర్చాను.

అత్తమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది. బల్ల మీదికెక్కి, కాళ్లు మడుచుకుని, తన బరువంతా వేసి కూర్చుంది.

"ఇగ గుంజు," అంది.

పటకారు బిగించి పట్టుకుని, గోడకు కాలు తన్నిపెట్టి, గుంజాను.