తల ఊపే మేస్త్రి

మా వదిన పిల్లల బూట్లు డిజైన్ చేస్తుంది. భోజనాల బల్లే ఆవిడ ఆఫీసు. జట్టులో అయిదుగురు నాలుగు దేశాల్లో ఉంటారు. వదిన గీసిన గీతను బట్టి బూటుకి కొయ్య అచ్చు చెక్కేది ఒక పెద్దాయన. ఆయన్ని మేం మేస్త్రి అంటాం.

వీళ్ళ నెత్తిన ఒక మేనేజరు. ప్రతి మంగళవారం వీడియో మీటింగు పెట్టి, "కెమెరాలు ఆన్ చెయ్యండి, మనసులో మాట చెప్పండి" అంటాడు. నేనాయనకి కెమెరా సారు అని పేరు పెట్టాను. చెయ్యెత్తే బొమ్మలు, చప్పట్ల బొమ్మలు ఉన్న కొత్త యాప్ కూడా తెప్పించాడు. మేస్త్రి మాత్రం ఏమడిగినా చిరునవ్వుతో తల ఊపేవాడు. తీరా నమూనా బూటు వస్తే వేళ్ళ దగ్గర బిగుతు. మూడుసార్లు ఇదే తంతు.

"ఆయనకి పని మీద ధ్యాస లేదు. ఇంకొక్క నమూనా చూస్తాను. అదీ బిగుతైతే మేస్త్రిని మార్చేద్దాం" అన్నాడు కెమెరా సారు వదినతో.

వదినకి ఆ పూట అన్నం సయించలేదు. నలభై ఏళ్ళు అచ్చులు చెక్కిన మనిషికి బిగుతు తెలియకపోవడమేమిటని ఆవిడ బాధ.

ఆ వారమే ఇంట్లో కొత్త కర్టెన్లు కట్టాం. "ఎలా ఉన్నాయత్తయ్యా?" అని వదిన అందరి ముందూ అడిగితే, మా అమ్మ "బ్రహ్మాండం" అంది. తర్వాత వదిన ఒక్కతే బట్టలు మడతపెడుతుంటే పక్కన చేరి, "ఏమీ అనుకోకమ్మా, ఆ రంగు కళ్ళల్లో పొడుస్తోంది" అంది.

వదిన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "అత్తయ్యా, మా మేస్త్రి అచ్చం మీలాంటివాడే" అంది. అది పొగడ్తో తిట్టో అమ్మకి బోధపడలేదు.

వదిన ఇక ఆ యాప్ జోలికి పోలేదు. మామూలు ఫోన్లో బూటు ఫోటో తీసి మేస్త్రి ఒక్కడికే పంపింది. "ఇది మనిద్దరి మధ్యే. పిల్ల పాదం ఎక్కడ నొక్కుకుంటుందో మీ దగ్గరున్న బూటు మీద సుద్దముక్కతో గుర్తుపెట్టండి. తొందరేం లేదు" అని వాయిస్ మెసేజ్ జతచేసింది. తొందర లేదంటూనే గంటకి పదిసార్లు ఫోన్ చూసుకుంది. మూడోరోజు జవాబొచ్చింది. బూటు మీద ఏడు గుర్తులు, వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు నిమిషాల మాట. తప్పు వదిన గీతలోదే. పదిమందిలో ఆ మాట అనలేక ఊరుకున్నాడట. వదిన సిగ్గుపడుతూనే పకపకా నవ్వింది, ఆ ఏడు చోట్లా గీత మార్చింది.

నెల తిరిగేసరికి నమూనా వచ్చింది. మీటింగులో వదిన కూతురు, మా పాప, ఆ బూట్లేసుకుని హాలంతా పరుగెత్తింది. కెమెరా సారు చప్పట్ల బొమ్మ పెట్టాడు. "ఇదే ఖాయం" అన్నాడు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కాదు. ఎడమ బూటు. బొటనవేలు. ఇంకా బిగుతు."

ఆ మాటతో తన ఉద్యోగానికే ఎసరు పెట్టుకుంటున్నాడని పాపం ఆయనకి తెలియదు. వదిన పాపని ఆపింది. వంగి బూటు నొక్కి చూసింది. నిజమే.

కెమెరా సారు చప్పట్ల బొమ్మ తీసేశాడు. "ఇన్నాళ్ళకి మీ గొంతు విన్నాను మేస్త్రిగారూ. సరిచేసి పంపండి. తర్వాతి జతకీ అచ్చు మీరే చెక్కాలి" అన్నాడు.

వదిన మొహం చేటంత అయింది. మేస్త్రి ఎప్పటిలాగే తల ఊపాడు.

మీటింగు ముగిశాక అమ్మ తలుపు చాటునుంచి వచ్చి వదిన చెవిలో అంది: "పిల్ల ఎడమకాలు ఆనించడం లేదని నేనూ చూశాను. నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నా."