కరగని తోకలు

ఆ ఏడు ఆయుధపూజ శివలింగానికి అచ్చిరాలేదు. లాస్‌పేటలో ఒక కాలేజీ ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా ఆయన అటెండరు. పూజనాడు మిషన్లన్నీ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, కరెంటు ఆపి వాటికి విశ్రాంతి ఇవ్వడం ఆయన పెట్టిన ఆచారమే. ఒక్క పెద్ద ఫ్రిజ్ జోలికి మాత్రం పోడు. దాని ప్లగ్గు గోడకు విడిగా ఉంటుంది.

ఈసారి అనుప్రియ దాన్ని మిగతా మిషన్ల బోర్డుకు మార్చింది. ఆమె అక్కడ పరిశోధన చేసే తెలుగు ఇంటి పిల్ల. మార్చానని ఒక్క మాటైనా చెప్పిందా? లేదు. శివలింగం ఎప్పటిలాగే బోర్డు ఆపి, గుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులు పంచి ఇంటికి పోయాడు. రెండు రోజుల సెలవయ్యాక గురువారం తలుపు తీస్తే ఫ్రిజ్ కింద నీళ్లు.

అందులో ఉన్నది అనుప్రియ ఐదేళ్ల చదువు. ఆస్ట్రేలియాలో పోసమ్ అని ఒక జంతువుంది. కంగారూకి చుట్టం, పిల్లను సంచిలో మోస్తుంది. దాని వీర్యకణాల తోకలను గట్టిగా నిలబెట్టే ప్రొటీన్ల మీద ఆమె పని. తోకలున్న గొట్టం ఆ ఫ్రిజ్‌లో ఇక ఒక్కటే మిగిలింది. "ఆడ ఏంది చేస్తావు?" అని భార్య అంగమ్మాళ్ అడిగినప్పుడల్లా ఈ సంగతి చెప్పలేక శివలింగం "ఏదో ప్రొటీను" అని దాటేస్తుంటాడు.

"అన్నా, నా బతుకు నాశనం చేసినావు కదన్నా!" అని అనుప్రియ అందరి ముందూ ఏడ్చింది. పులి మీద పుట్రలా ల్యాబు పెద్ద నటరాజన్ సారు సోమవారానికల్లా సంజాయిషీ రాసి తెమ్మని శివలింగానికి చెప్పాడు. ఆయన రిటైరు కావడానికి ఎనిమిది నెలలే ఉన్నాయి.

శివలింగానికి ఒళ్లు మండిపోయింది.

"ప్లగ్గు మార్చింది నువ్వు, మాట పడేది నేనా? ఆ తోకలు ఏ మందులో వేసినా కరగలేదని ఆర్నెల్లు చెవికోసిన మేక మాదిరి అరిచినావే పాపా! అంత మొండివి రెండ్రోజుల వేడికి పాడైతాయా? మిషన్లో వేసి చూడు పో!"

ఆమె ముక్కు చీదుకుంటూ గొట్టం తీసుకుపోయింది.

మాటైతే అన్నాడు గానీ, ఆయనకేం తెలుసు? శని, ఆదివారాలు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయాడు. ఆ పిల్ల చదువు పాడుచేశానేమోనని భయం, అంత భయం పెట్టినందుకు ఆ పిల్ల మీదే కోపం. అంగమ్మాళ్ పలకరిస్తే కసురుకున్నాడు. సంజాయిషీని తమిళంలో నాలుగుసార్లు రాసి చించి, ఐదోసారి పూర్తిచేశాడు.

సోమవారం పొద్దున పోయేసరికి ల్యాబులో బల్ల మీద ఖాళీ మిఠాయి పెట్టె కనిపించింది.

"ఇదేంది?"

"శుక్రవారం రాత్రే రిజల్టు వచ్చేసిందన్నా! నువ్వు చెప్పినట్టే, ప్రొటీన్లకి ఏమీ కాలా. సారుకి చెప్పినా, ఆస్ట్రేలియాకి మెయిలు పెట్టినా, హాస్టల్లో అందరికీ స్వీటు పంచినా..." అంటూ అనుప్రియ ఆగిపోయింది. "అయ్యో, నీకు చెప్పలేదు కదా!"

"మూడు రోజులు పాపా! ఒక్క ఫోను చెయ్యలేకపోయినావా?"

శివలింగం జేబులోంచి సంజాయిషీ కాగితం తీసి బల్ల మీద పడేశాడు. అనుప్రియ మడత విప్పి చదివింది. ప్లగ్గు మార్చింది శివలింగమేనని, పాప తప్పు ఏమీ లేదని అందులో రాసి ఉంది.