లేని పేజీ నుంచి వచ్చిన మనిషి

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం, వీటిలో ఏదీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇంటి ముందు గుమ్మడికాయ కట్టిద్దామని మా అమ్మ రెండేళ్లు నాతో పోరాడి ఓడిపోయింది. అంత మొండివాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నవ్వేది మా అమ్మే.

రెండు వేల ఏడో, ఎనిమిదో. హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేసేవాణ్ణి. శామీర్‌పేట రోడ్డు మీద స్వరూపక్కకు మొక్కల నర్సరీ ఉండేది. చుట్టుపక్కల ఫామ్‌హౌసులు లేస్తున్నాయి, సాఫ్ట్‌వేర్ వాళ్లు నెట్‌లో చూసి వస్తారు కదా అని ఆమెకు నేనే ఊరికే ఒక సైటు చేసిపెట్టాను.

స్వరూపక్క నా పాలిటెక్నిక్ దోస్తు మహేందర్‌కు సొంత అక్క. మహేందర్ కామెర్లు ముదిరి చనిపోయాడు. వాడు పోయిన మూడేళ్లకు ఆమె అరెకరం కౌలుకు తీసుకుని నర్సరీ పెట్టింది. ఈ వరుస ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు వాడు పోయాడు. నర్సరీ తర్వాత వచ్చింది.

మొదటి నెల రిపోర్టు తీస్తే దాదాపు నాలుగు వందల మంది సైటు చూసినట్టు వచ్చింది! నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఫోన్ చేశాను.

"నాలుగొందలా!" అంది అక్క. "మరి గాళ్లంత ఏడున్నరు రవీ? గేటుకాడికి ఒక్కలు రాలే."

"వస్తరక్కా. ముందు సూస్తరు, తర్వాత వస్తరు. మొక్కలు తెప్పించి పెట్టుకో."

నా మాట నమ్మి ఆమె కడియం నుంచి లారీ నిండా మొక్కలు తెప్పించింది. ఎవరూ రాలేదు. ఎండాకాలం దగ్గర పడుతోంది, మొక్కలు వాడిపోతున్నాయి. అప్పుడు బుద్ధొచ్చి రిపోర్టు ముందు సరిగ్గా కూర్చున్నాను.

సైటుకు వచ్చిన ప్రతి మనిషీ ఏ సైటులోని లింకు నొక్కి వచ్చాడో రిపోర్టులో ఉంటుంది. ఆ చిరునామాలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఒకటి మాత్రల దుకాణం. ఇంకోటి పేకాట. మరోటి చెప్పుకోలేనిది. అసలు సంగతేమిటంటే అక్కడి నుంచి మనుషులెవరూ రాలేదు. ఆ దొంగ సైట్ల వాళ్లు యంత్రాలను పంపి, మన రిపోర్టులో తమ పేరు పడేలా చేస్తారు. "ఎవరబ్బా ఈయన?" అని మనం నొక్కితే వాళ్ల దుకాణానికి ఒక గిరాకీ. శామీర్‌పేటలో మందార మొక్కలమ్మే మనిషికి ప్రపంచంలోని పేకాట క్లబ్బులన్నీ చుట్టాలైపోయాయన్నమాట.

నాకు పిచ్చి ఉత్సాహం వచ్చింది. దొంగల్ని పట్టడమంటే చిన్నప్పటి నుంచీ సరదా. ఒక జాబితా రాసి, అందులో ఉన్న చిరునామాలేవీ లెక్కలోకి రాకుండా ఫిల్టర్ పెట్టాను. నియమం ఒక్కటే: తెరిస్తే చెత్త వచ్చినా, అసలు తెరుచుకోకపోయినా అది దొంగదే. టీ చల్లారిపోతోందని కూడా చూసుకోకుండా ఏరుతూ పోయాను. నాలుగు వందలు కాస్తా ముప్పై చిల్లరకు దిగింది.

ఆ ముప్పైలో ఒక చిరునామా చూసి చెయ్యి ఆగిపోయింది.

అది మహేందర్ పేజీ. కాలేజీ రోజుల్లో ఒక ఉచిత సైటులో వాడు సొంతంగా పెట్టుకున్న పేజీ. పక్కన కూర్చుని ఆ పేజీకి పేరు సూచించింది నేనే. ఆ ఉచిత సైటు కంపెనీ ఎప్పుడో మూతపడింది. చిరునామా కొట్టి చూశాను. పేజీ కనిపించడం లేదని వచ్చింది. పదిసార్లు కొట్టాను. పదిసార్లూ అంతే.

సరే, పాత చిరునామా ఏదో యంత్రానికి చిక్కి ఉంటుందిలే అనుకున్నాను. కానీ మనసొప్పక లోపలి వివరాలు కూడా తీశాను. యంత్రమైతే పేజీని తాకి పోతుంది, బొమ్మలు తెరవదు. ఇక్కడ వచ్చినవాళ్లు బొమ్మలన్నీ తెరిచారు. గులాబీల పేజీ చూశారు. తర్వాత నర్సరీకి దారి చెప్పే పేజీలో కాసేపు ఆగారు. అలా వచ్చినవి మొత్తం ఎనిమిది.

భయం వేయలేదు, నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. వాడి పేరు తెర మీద చూసి ఎన్నేళ్లయింది! కానీ నా నియమం ప్రకారం తెరుచుకోని పేజీ దొంగదే. ఒకసారి తప్పుడు లెక్క చెప్పి అక్కను ముంచాను. రెండోసారి ముంచలేను. వాడి చిరునామాను కూడా నా చేత్తోనే జాబితాలో చేర్చాను. వాణ్ణి బయటికి పంపి తలుపేసినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఆ కొత్త రిపోర్టు పట్టుకుని నర్సరీకి వెళ్లాను. నిజంగా చూసినవాళ్లు ఇంతేనని చెప్పాను. మహేందర్ ఊసెత్తలేదు. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీ తియ్ తమ్మీ. ఒకటో తారీకు నుంచి మేడ్చల్‌ల మందుల కంపెనీకి పోత. ప్యాకింగ్ పని ఉందన్నరు. గీ మొక్కలను ఎవలన్న అడ్డికి పావుశేరు లెక్కనన్న తీస్కపోతే మంచిది."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే గేటు ముందు ఆటో ఆగింది. నడివయసు ఆవిడ దిగింది. సుభద్ర గారని తర్వాత తెలిసింది. గోదావరి జిల్లా వాళ్లట, బహదూర్‌పల్లి కాలనీలో కొత్తగా ఇల్లు కట్టుకున్నారు.

"స్వరూప అంటే మీరేనాండీ? మీ తమ్ముడి పేజీ చూసి వచ్చామండీ. ఎంత బాగా రాశాడో!" అంటూ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. మొన్న నెట్ సెంటర్‌లో చూసి, దారి మర్చిపోతామేమోనని రెండు పేజీలూ ప్రింటు తీయించుకుందట.

ఒకటి నేను చేసిన దారి పేజీ. రెండోది మహేందర్‌ది.

కాగితం లాక్కున్నంత పని చేశాను. కింద అంచున, ప్రింటు తీసినప్పుడు దానంతటదే పడే చిన్న అక్షరాల్లో వాడి చిరునామా పూర్తిగా ఉంది. పక్కన మొన్నటి తేదీ. పైన వాడి పాత రాతలే, నేను ఎప్పుడో చదివినవి. అన్నిటికన్నా కింద, నేను ఎన్నడూ చూడని రెండు వాక్యాలు, నర్సరీ సైటు లింకుతో. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. స్వరూపక్క కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"శామీర్‌పేట దిక్కు పోతే మా అక్క నర్సరీల ఒక్క మొక్కన్న కొనుండ్రి. అక్క మాట కటువు గని చెయ్యి సల్లన."

ఆమె తిరగేసిన కుండీ మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకు అరవాలన్నంత ఆనందం వచ్చింది. పాపం సుభద్ర గారికి ఏమీ అర్థం కాలేదు. "ఏమ్మా, తప్పుగా ఏమైనా అన్నానా?" అని కంగారు పడింది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు పరుగెత్తి ఫిల్టర్ తీసేసి చూశాను. ఆ కాగితం మీదున్న తేదీకి వాడి పేజీ నుంచి వచ్చింది ఒక్కరే. ఆ ఒక్కరే సుభద్ర గారు. నేను దొంగ అని కొట్టేసిన మనిషి ఆటో దిగి నా ముందు నిలబడింది! ఆవిడ వెళ్లిన నెట్ సెంటర్‌కు పోయి, అక్కడి కంప్యూటర్లన్నిటిలోనూ చిరునామా కొట్టాను. ఎక్కడా తెరుచుకోలేదు. ఎవడో తమాషా చేశాడనుకుందామంటే, మూతపడిన కంపెనీ చిరునామాలో పేజీ ఎలా పెడతాడు?

సుభద్ర గారు తమ కాలనీ వాళ్లందరికీ చెప్పారు. వానలు పడేలోపు లారీ మొక్కలు ఖాళీ అయ్యాయి. అక్క మందుల కంపెనీకి పోలేదు. వాడి పేజీ నుంచి మళ్లీ ఒక్కరు కూడా రాలేదు. నేను ప్రతి నెలా చూశాను.

కానీ ఆ రోజు సుభద్ర గారు వెళ్లాక అక్క నన్నొక మాట అడిగింది. "నర్సరీ పెట్టినట్టు వానికెట్ల తెలిసిందిరా?"

ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను. ఇప్పుడడిగినా చెప్పలేను.