బెల్లుకు ముందు మంద

మా చిన్నతమ్ముడు పోయి నెల కావస్తోంది. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం గొర్రెలకు నీళ్లు పెట్టి నీడన కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. సెలవులు కాబట్టి బడి పిల్లలకు వెంటనే తెలియలేదు. మంద ఇప్పుడు మా దొడ్డిలో ఉంది.

బలసముద్రం దగ్గర మా ఊరికీ బడికీ మధ్య రోడ్డుంది. సోలార్ పార్కు వచ్చాక అది వెడల్పయింది. పొద్దున్నే కూలివాళ్లను ఎక్కించుకుని టెంపోలు, బైకులు దూసుకుపోతాయి. మా తమ్ముడు బడి బెల్లు వేళ చూసుకుని మందను తోలేవాడు. గొర్రెలు రోడ్డు నిండా పరుచుకుంటే బండ్లు ఆగేవి. వాటితో పాటే పిల్లలు దాటేవారు. చదివేవారికి నవ్వు రావచ్చు. మాకు ఏళ్లుగా అదే ధైర్యం.

"పిల్లోళ్లు అడ్డమొస్తే హారన్ కొడతారక్కా. గొర్రెలు అడ్డమొస్తే నిలబడతారు," అనేవాడు.

ఒక టెంపో డ్రైవరుకు రోజూ ఎగతాళే.

"ఏమన్నా, నీ గొర్రెలు గూడా ఇస్కూలుకు పోతాయా?"

"పోతాయప్పా. నీకంటే బాగా చదువుకున్నాయి. యాడ నిలబడల్లో తెలుసు వాటికి."

ఆదివారాలు కూడా ముందు నడిచే గొర్రె ఆ వేళకు రోడ్డు మధ్యకు పోయి నిలబడేది. "ఈ పొద్దు లీవు తల్లీ, పద," అని బతిమాలేవాడు.

పోయినేడు ఎండలకు బడిని ఏడున్నరకు మార్చారు. వాడికి చదువు రాదు, గోడమీది కాగితం చూసినా తెలియదు. ముందురోజు సాయంత్రం నా మనవరాలు వచ్చి, "చిన్నతాతకు చెప్పవ్వా," అంది. దీపం పెడుతున్నాను. చేయి చూపి ఆగమన్నాను. తర్వాత మరిచిపోయాను.

మరునాడు మంద పాతవేళకే కదిలింది. అప్పటికే ఒక పాపను బైకు కొట్టేసింది. కాలు విరిగింది.

తప్పు నాదేనని చెప్పాను.

"దేవునికి మన టైము తెలుసక్కా. నాకే చెప్పల్ల," అన్నాడు.

కోపంగా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. పాప కాలి కట్టు విప్పేదాకా తనే ఎత్తుకుని దాటించాడు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం బడి గేటు దగ్గరికి పోయి, "రేపు బెల్లు ఎప్పుడు మిస్సూ?" అని అడిగి వచ్చేవాడు.

మొన్న నేను హారతి వెలిగిస్తుంటే మనవరాలు గడపలో నిలబడింది.

"రేపు బడి తెరుస్తారవ్వా. బెల్లు తొమ్మిదిన్నరకంట."

చెప్పేసి, ఇంకా ఎవరికో చెప్పాల్సినట్టు అక్కడే ఉండిపోయింది. హారతి పక్కన పెట్టాను.

"ఇంటినిలేమ్మా, తొమ్మిదిన్నరకే కదా," అన్నాను.

మరునాడు నడుం పట్టుకుని, వాడి కర్రతో మందను తోలాను. గొర్రెలు రోడ్డు నింపాయి. ఆ టెంపోనే వచ్చి ఆగింది. పిల్లలు దాటారు. కాలు విరిగిన పాప అందరికన్నా చివర దాటింది. మంద కూడా దాటింది. ముందు నడిచే గొర్రె మాత్రం రోడ్డు మధ్యనే నిలబడి, నన్ను కాదు, నా వెనక ఊరి దారివైపు చూస్తూ ఉంది.

డ్రైవరు హారన్ కొట్టలేదు. బండి ఆఫ్ చేసి కూర్చున్నాడు.